స్కిజోఫ్రీనియాలో కాకుస్వర గ్రహణం

ఎదుటివారి మాటలో పదాలకున్న అర్థంతో పాటు, ఆ పదాలు పలికిన గొంతులోని కోపం, సంతోషం, దిగులు, భయం, జాలి, వెటకారం వంటి భావాలను విని పోల్చుకోవడాన్ని భావ కాకుస్వర గ్రహణం అంటారు. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో చాలామందికి ఈ శక్తి తగ్గుతుంది. చెవులు బాగానే వినిపిస్తాయి, పదాలు బాగానే తెలుస్తాయి. గొంతు చెప్పేది మాత్రం అందదు, లేదా మరోలా అందుతుంది. ఇది చెవుడు కాదు, తెలివితక్కువతనం కాదు, మనసు రాయి కావడం అంతకన్నా కాదు. అయినా ఇంట్లోవాళ్లకు చాలాకాలం అలాగే కనిపిస్తుంది. అందుకే వైద్య గ్రంథాల్లో ఒక మూలన ఉండే ఈ విషయానికి సంసారాల్లో చాలా బరువుంది.

ఈ వ్యాసంలో తెలుగు మాటకు సంబంధించిన ఉదాహరణలు పాత కృష్ణా జిల్లా పడమటి మెట్ట నుంచి, అంటే నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం నుంచి తీసుకున్నవి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది.

పదాలు, పరిధి

గొంతు హెచ్చుతగ్గులకు తెలుగులో వాడుకలో ఉన్న శాస్త్రపదం కాకువు, లేదా కాకుస్వరం. ఇది సంస్కృత నాట్యశాస్త్రం నుంచి వచ్చింది. వాక్యం ఇంకా ఏదో కోరుతూ ఆగితే సాకాంక్షమని, పూర్తయినట్లు ముగిస్తే నిరాకాంక్షమని భరతుడు కాకువును రెండుగా విభజించాడు. ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం అని ఆరు పాఠ్యాలంకారాలు చెప్పి, ఏ రసానికి ఏది తగునో నటుడికి నిర్దేశించాడు. ఇప్పటి ధ్వనిశాస్త్రజ్ఞులు యంత్రాలతో కొలిచే స్వరస్థాయి, బిగ్గరతనం, వేగం అన్నవి ఈ ఆరింటిలోనూ కనిపిస్తాయి. ఆ పోలిక కాకతాళీయం కాదు. గొంతుతో మనిషి చేయగలిగినవే అవి.

కాకువు చేసే పనులు రెండు. ఒకటి భాషకు సంబంధించినది: వాక్యం ప్రశ్నా, జవాబా, ఏ పదం మీద ఒత్తు పడింది అన్నది తెలపడం. రెండోది భావానికి సంబంధించినది: మాట్లాడే మనిషి ఆ క్షణాన ఎలా ఉన్నాడో తెలపడం. స్కిజోఫ్రీనియాలో రెండూ దెబ్బతినవచ్చు గానీ ఎక్కువ పరిశోధన రెండోదాని మీదే జరిగింది. అలాగే కాకువును గ్రహించడం వేరు, వ్యక్తం చేయడం వేరు. రోగి గొంతు చప్పగా, ఒకే స్థాయిలో సాగడం వ్యక్తీకరణ లోపం (చూ. భావమాంద్యం). ఈ వ్యాసం గ్రహణానికే పరిమితం.

స్కిజోఫ్రీనియా ప్రపంచంలో సుమారు 2.4 కోట్ల మందికి, అంటే దాదాపు 300 మందిలో ఒకరికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. ఎక్కువగా కౌమారం చివర్లోనో, ఇరవైల్లోనో మొదలవుతుంది. లేని గొంతులు వినపడటం, లేనిది నిజమని గట్టిగా నమ్మడం, ఆలోచన చెదిరిపోవడం, నలుగురికీ దూరంగా జరగడం దీని ముఖ్య లక్షణాలు. కాకుస్వర గ్రహణ లోపం రోగనిర్ధారణ లక్షణాల జాబితాలో లేదు. అది ఉన్నంత మాత్రాన ఎవరికీ స్కిజోఫ్రీనియా ఉందని చెప్పకూడదు. ఆటిజం, కుంగుబాటు, పక్షవాతం, పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారిలోనూ ఇలాంటి ఇబ్బంది కనిపిస్తుంది.

ఒకే మాట, నాలుగు గొంతులు

తెలుగులో భావమంతా గొంతు మీదే నిలబడదు. అయ్యో, అబ్బ, ఛీ, ఓహో వంటి మాటలు, ‘పోనీలే’లోని ‘లే’, ‘తినరా’లోని ‘రా’, ‘నువ్వు’, ‘మీరు’ అనే తేడా – ఇవన్నీ కొంత బరువు మోస్తాయి. అయితే వీటిలో చాలావాటికి సొంత భావం స్థిరంగా ఉండదు. ‘రా’ ముద్దుకూ వస్తుంది, తిట్టుకూ వస్తుంది. ఏది ఎప్పుడన్నది గొంతే తేలుస్తుంది.

‘వచ్చావా’ అన్న మాట చూడండి. మున్నేటి ఒడ్డు పల్లెలో ఒక ఇల్లు. నందిగామ వెళ్లిన కొడుకు రాత్రి తొమ్మిదైనా రాలేదు. గడప చప్పుడైంది. తల్లి ‘వచ్చావా’ అంది. ఊరటతో అంటే మాట కాస్త పైనుంచి మొదలై, చివరి అచ్చు సాగి, ఊపిరితో పాటు కిందికి దిగుతుంది. కోపంతో అంటే ‘వ’ మీద దెబ్బ పడి, మాట చటుక్కున తెగుతుంది. పండక్కి కూతురొచ్చినప్పటి సంతోషంతో అంటే గొంతు పైకి లేచి ఊగుతుంది. వెటకారంగా అంటే మధ్యలోని ‘చ్చా’ అవసరానికి మించి సాగి, వేగం తగ్గి, ముక్కు పలుకు కలుస్తుంది. నాలుగింటిలోనూ అక్షరాలు అవే.

కొడుక్కి స్కిజోఫ్రీనియా ఉందనుకోండి. తల్లి ఊరటతో అన్న మాట అతనికి ఏ భావమూ లేని ఉత్త ప్రశ్నలా వినపడవచ్చు. గద్దింపులా కూడా వినపడవచ్చు. ‘ఎందుకమ్మా అరుస్తావ్?’ అంటాడు. ‘నేనెక్కడ అరిచాన్రా, ఇంకా రాలేదని కంగారు పడి చస్తుంటే’ అంటుంది ఆమె. ఇప్పుడు ఆమె గొంతులో నిజంగానే నొప్పి ఉంది. అతనికి అదీ కోపంలాగే చేరుతుంది. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఒకరు పలికిందీ మరొకరు విన్నదీ వేరు.

తెలుగు వినేవాడికి ఇంకో పని కూడా ఉంది. ‘పడు’, ‘పాడు’ వేర్వేరు మాటలు. అచ్చు నిడివి మారితే అర్థమే మారిపోయే భాష ఇది. కాబట్టి వినపడిన సాగతీతలో పదానికి చెందినదెంతో, మనసుకు చెందినదెంతో చెవి క్షణంలో విడదీసుకోవాలి. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని కావడంతో ఎవరికీ ఇది పనిలా అనిపించదు.

గొంతులో కొలవగలిగినవి

స్వరతంతువులు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయో అదే స్వరస్థాయికి ఆధారం. మామూలు మాటలో మగ గొంతుకు ఇది సుమారు 120 హెర్ట్జ్, ఆడ గొంతుకు సుమారు 210 హెర్ట్జ్. సంతోషం, భయం, రగిలిన కోపం – మూడూ ఈ స్థాయిని పెంచుతాయి. దిగులు దాన్ని తగ్గించి, ఎత్తుపల్లాలను చదును చేసి, వేగాన్ని మందగింపజేస్తుంది. కోపంలో బిగ్గరతనంతో పాటు గొంతు గరుకుదనం కూడా పెరుగుతుంది. అసహ్యాన్ని గొంతు ఒక్కదానితో గుర్తించడం ఆరోగ్యవంతులకే కష్టం. అది ముఖంలో కనిపించినంత స్పష్టంగా మాటలో వినిపించదు.

చరిత్ర

జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 19వ శతాబ్ది చివర్లో ఈ జబ్బును చిన్నవయసులో వచ్చే మతిక్షీణతగా వర్ణించాడు. స్కిజోఫ్రీనియా అన్న పేరును స్విస్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో ప్రతిపాదించి, 1911లో వచ్చిన గ్రంథంలో విస్తరించాడు. ఇద్దరూ రోగి భావం ‘మొద్దుబారడం’ గురించి రాశారు. అయితే వారు చూసింది రోగి వ్యక్తం చేసే భావాన్ని. ఎదుటివారి భావం రోగికి ఎలా చేరుతోందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆ ప్రశ్నకు దారి వేసింది నాడీవైద్యులు. నార్వేకు చెందిన మోన్రాడ్-క్రోన్ 1947లో ఒక మహిళ గురించి రాశాడు. 1941 వైమానిక దాడిలో బాంబు ముక్క తగిలి ఆమె మెదడు గాయపడింది. కోలుకున్నాక ఆమె నార్వేజియన్ భాషే మాట్లాడింది, కానీ మాట పాట మారిపోయింది. వినేవారికి జర్మన్ యాసలా వినపడింది. దేశం జర్మన్ల ఆక్రమణలో ఉన్న రోజులు. దుకాణాల్లో ఆమెకు సరుకు అమ్మేవారు కాదు. పదం చెక్కుచెదరకపోయినా గొంతు పాట మారితే మనిషిని సమాజం ఎంత దూరం పెడుతుందో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. మాట పాటకు మెదడులో తనదైన ఏర్పాటు ఉందని శాస్త్రజ్ఞులు గట్టిగా ఆలోచించడం ఇక్కడి నుంచే మొదలైంది.

1975లో అమెరికాకు చెందిన కెనెత్ హైల్మన్ బృందం, మెదడు కుడి భాగం దెబ్బతిన్నవారు మాట అర్థం చేసుకున్నా గొంతులోని భావం పోల్చుకోలేకపోవడాన్ని నమోదు చేసింది. 1981లో ఎలియట్ రాస్ కుడి మెదడు దెబ్బల వల్ల వచ్చే కాకుస్వర లోపాలను గ్రహణం, వ్యక్తీకరణ, అనుకరణ అనే తీరుల్లో వర్గీకరించాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇవే పద్ధతులను స్కిజోఫ్రీనియాకూ వర్తింపజేశారు. 2007లో నెదర్లాండ్స్ పరిశోధకులు హోకర్ట్, ఆలెమన్ తదితరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య గ్రహణంలోని తేడా సగటున ఒక ప్రామాణిక విచలనాన్ని మించిందని తేలింది. మనోవైద్య పరిశోధనలో ఇంత పెద్ద తేడా తరచుగా కనిపించదు.

చెవి నుంచి మెదడు దాకా

గొంతులోని భావాన్ని మెదడు మూడు అంచెల్లో అందుకుంటుందని షిర్మర్, కోట్జ్ 2006లో ప్రతిపాదించిన నమూనా చెబుతుంది. శబ్దం చేరిన సెకనులో పదోవంతుకు శ్రవణ ప్రాంతాలు స్థాయి, తీవ్రత, నిడివి వంటి ముడిసరుకును విడదీస్తాయి. సెకనులో ఐదోవంతుకు ఆ ముడిసరుకుకు భావపరమైన ప్రాముఖ్యం ఉందో లేదో తేలుతుంది. సుమారు అర సెకనుకు చేరువలో ముందుమెదడు దానికి పేరు పెట్టి, మాట అర్థంతో కలిపి చూస్తుంది. అంతకు ముందే, 2000లో, పాస్కల్ బెలిన్ బృందం కణత దగ్గరి మెదడు భాగాల్లో ప్రత్యేకంగా మనిషి గొంతుకే స్పందించే ప్రాంతాలున్నాయని చూపింది.

స్కిజోఫ్రీనియాలో ఈ మూడింటిలో ఏ అంచె తడబడుతుంది? చాలాకాలం అనుమానమంతా చివరి అంచె మీదే ఉండేది: రోగి శ్రద్ధ పెట్టలేకపోతున్నాడని, తర్కించలేకపోతున్నాడని భావించేవారు. న్యూయార్క్‌కు చెందిన డేవిడ్ లైట్‌మన్, డేనియల్ జావిట్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ఆ చూపును మొదటి అంచె వైపు తిప్పింది. రెండు ఉత్త స్వరాలు వినిపించి అవి ఒకే స్థాయివా కాదా చెప్పమంటే ఎవరు ఎక్కువ తడబడ్డారో, గొంతులోని భావాన్ని గుర్తించడంలోనూ వారే ఎక్కువ తడబడ్డారు. తర్వాతి అధ్యయనాల్లో, స్వరస్థాయి మార్పుల మీద ఆధారపడిన భావాల్లో ఇబ్బంది ఎక్కువగా, బిగ్గరతనం మీద ఆధారపడిన వాటిలో తక్కువగా కనిపించింది. కొందరు రోగుల్లో పాటలోని శ్రుతి తేడాలు పోల్చుకునే శక్తి కూడా తగ్గినట్లు తేలింది.

దీనికి విద్యుత్ సాక్ష్యం కూడా ఉంది. ఒకే తీరు శబ్దాల వరుసలో ఒకటి తేడాగా వస్తే, మనిషి పట్టించుకోకపోయినా మెదడు ఒక చిన్న తరంగంతో స్పందిస్తుంది. ఫిన్లాండ్‌కు చెందిన రిస్తో న్యాటానెన్ 1978లో దీన్ని వర్ణించాడు. స్కిజోఫ్రీనియాలో ఈ తరంగం బలహీనంగా ఉంటుందని 1991 నుంచి పదేపదే రుజువైంది. శ్రద్ధతో పనిలేని స్పందన కనుక, ‘మనసు పెట్టడం లేదు’ అన్న నింద ఇక్కడ నిలవదు. గ్లూటమేట్ అనే నాడీ రసాయనానికి చెందిన ఒక రకం గ్రాహకాలు సరిగా పనిచేయకపోవడం దీని వెనుక ఉందన్నది బలమైన అభిప్రాయం.

అంతమాత్రాన మొత్తం చెవి దగ్గరే ఉందనలేం. గుర్తుంచుకునే శక్తి, ఏకాగ్రత, ఎదుటివారి ఉద్దేశాన్ని ఊహించే శక్తి (చూ. సామాజిక సంజ్ఞానం) కూడా ఫలితాన్ని మారుస్తాయి. ఇప్పటి ఆధారాలను బట్టి కింది అంచెలో సమాచారం పలచబడుతుంది, పై అంచె ఆ పలచని సమాచారంతోనే తీర్పు చెప్పాల్సి వస్తుంది. ఈ రెంటినీ కలిపి చూడటమే సబబు.

ఏవి తప్పుతాయి, ఎప్పుడు తప్పుతాయి

రోగులు సంతోషం కంటే దిగులు, భయం వంటి భావాలను గుర్తించడంలో ఎక్కువ తప్పుతారని చాలా అధ్యయనాలు చెబుతాయి. అయితే పరీక్షలో ఎన్ని భావాలిచ్చారు, వాక్యాలు ఎలాంటివి అన్నదాన్ని బట్టి ఈ చిత్రం మారుతుంది. ఏ భావమూ లేని గొంతులో విరోధం వినడం ఇంకో తీరు పొరపాటు. ఎవరో తనకు కీడు తలపెట్టారన్న భ్రమ ఉన్నవారికి అలాంటి పొరపాటు ఆ భ్రమకు సాక్ష్యంగా చేరుతుంది.

వెటకారం వేరే కథ. ‘నీ అంత పనిమంతుడు లేడులే’ అన్న వాక్యంలో పదాలు మెచ్చుకుంటాయి, గొంతు ఎత్తిపొడుస్తుంది. వినేవాడు పదాన్ని పక్కనపెట్టి గొంతును నమ్మాలి. గొంతు అందనివాడికి మిగిలేది పదమే, కాబట్టి మెచ్చుకోలుగానే తీసుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఎందుకు నవ్వారో తెలియదు. 2006లో లైట్‌మన్ బృందం వెటకారం మీద చేసిన పరీక్షలోనూ రోగులు గణనీయంగా వెనకబడ్డారు. ఎత్తిపొడుపు, దెప్పు, విరుపు నిత్యం నడిచే పల్లె అరుగుల మీద ఈ లోపం మనిషిని ఎంత ఒంటరిని చేస్తుందో ఊహించవచ్చు.

లోపం జబ్బు తొలి రోజుల నుంచే ఉంటుంది. దీర్ఘకాలంగా జబ్బుతో ఉన్నవారిలో ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుందని కుహార్స్కా-పియెతూరా, ఆమె సహచరులు 2005లో ప్రచురించారు. అందరిలోనూ ఒకే మోతాదులో ఉండదు. పరీక్షల్లో ఆరోగ్యవంతులతో సమానంగా నిలిచే రోగులూ ఉన్నారు. మందులతో భ్రమలు, లేని గొంతులు తగ్గినంతగా ఈ లోపం తగ్గదు. అలాగని ఇది మందుల వల్ల వచ్చిందీ కాదు. దీన్ని సాకుగా చూపి మాత్రలు మానడం ప్రమాదం, జబ్బు తిరగబెడుతుంది.

లేని గొంతుల్లోని భావం

రోగికి వినపడే లేని గొంతులకూ భావముంటుంది. తిట్టేవి, బెదిరించేవి, ఆజ్ఞాపించేవి, ఓదార్చేవి కూడా ఉంటాయి. మానవశాస్త్రజ్ఞురాలు తాన్యా లుర్మన్, సహచరులు అమెరికాలోని శాన్ మేటియో, ఘనా రాజధాని అక్రా, మన చెన్నై నగరాల్లో ఒక్కోచోట 20 మందితో మాట్లాడి 2015లో ఫలితాలు వెలువరించారు. అమెరికా రోగులు ఎక్కువగా హింసను ప్రేరేపించే అపరిచిత గొంతుల గురించి చెప్పారు. చెన్నైలో చాలామంది తమకు వినపడేవి అయినవాళ్ల గొంతులన్నారు. అవి మందలిస్తాయి, స్నానం చేయమంటాయి, ఇంటిపని చేయమంటాయి. అంటే గొంతులో వినే భావం కొంత మెదడు నుంచి, కొంత పెరిగిన ఇంటి నుంచి వస్తుందన్నమాట. లేని గొంతులు వినేవారిలో బయటి గొంతుల భావాన్ని గుర్తించే శక్తి మరింత తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు సూచించాయి (చూ. శ్రవణ భ్రాంతి).

ఇంటి గొంతు

లండన్‌లో జార్జ్ బ్రౌన్, సహచరులు 1950ల చివరి నుంచి ఒక విషయం వెంటపడ్డారు: ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన రోగుల్లో కొందరికి జబ్బు త్వరగా ఎందుకు తిరగబెడుతోంది? వారి 1972 అధ్యయనం, ఇంట్లోవాళ్ల విమర్శ, విరోధం, అతి జోక్యం ఎక్కువగా ఉన్నచోట జబ్బు తిరగబెట్టడం ఎక్కువని చూపింది. దీన్ని భావ వ్యక్తీకరణ స్థాయి అంటారు. కాకుస్వర గ్రహణానికీ దీనికీ ఉన్న బంధం కొలిచే పద్ధతిలో ఉంది. బంధువుతో జరిపిన సంభాషణను రికార్డు చేసి, విమర్శను లెక్కించేటప్పుడు పదాలతో పాటు గొంతు తీరును కూడా చూస్తారు. ఆప్యాయతను ముఖ్యంగా గొంతును బట్టే తూస్తారు. చండీగఢ్‌లో ఎన్.ఎన్. విగ్, జూలియన్ లెఫ్ తదితరులు ఇదే పద్ధతిని వాడి 1987లో ప్రచురించిన ఫలితాల్లో, అక్కడి కుటుంబాల్లో విమర్శ లండన్ కంటే తక్కువని తేలింది.

ఇక్కడ చిక్కుముడి ఒకటుంది. ఇంట్లోవాళ్ల గొంతు రోగి మీద అంత బలంగా పనిచేస్తుంది. అదే గొంతును రోగి సరిగా పోల్చుకోలేడు. పోల్చుకోలేకపోవడం వల్ల ఇంట్లోవాళ్లు విసుగుతారు, విసుగు మళ్లీ గొంతులోకే వస్తుంది. మున్నేటి ఒడ్డు ఇంట్లోని ‘వచ్చావా’ రోజూ జరిగితే ఈ వలయం ఎలా బిగుస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

విజయవాడ రేడియో గొంతులు

కాకుస్వర పరీక్షలు చాలావరకు ఇంగ్లీషులో తయారయ్యాయి. ఇంగ్లీషు గొంతులోని కోపాన్ని తెలుగు వాడు గుర్తించలేకపోతే అది జబ్బా, భాషా అన్నది తేలదు. ఏ ప్రాంతం వారి భావాన్ని ఆ ప్రాంతం వారే బాగా గుర్తిస్తారని ఎల్ఫెన్‌బైన్, అంబాడీ 2002లో ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూపారు. మన దేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు భారతీయ ముఖాలతో భావాల గుర్తింపు పరీక్షను, భారతీయ పరిస్థితులకు తగిన సామాజిక సంజ్ఞాన పరీక్షలను రూపొందించారు.

గొంతు విషయంలో తెలుగుకు ఒక అరుదైన సంపద ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందిన కూలగూడి, కె. శ్రీనివాసరావు తదితరులు 2009లో తెలుగు భావ భాషణ కోశాన్ని వెలువరించారు. అందులోని గొంతులు ఆకాశవాణి విజయవాడ కేంద్రం కళాకారులవి. ఐదుగురు పురుషులు, ఐదుగురు స్త్రీలు. ఏ భావానికీ కట్టుబడని 15 తెలుగు వాక్యాలను కోపం, జాలి, అసహ్యం, భయం, సంతోషం, వెటకారం, ఆశ్చర్యం, మామూలు గొంతు – ఈ ఎనిమిది తీరుల్లో పది విడతలుగా పలికారు. మొత్తం 12,000 పలుకులు. ఇతర దేశాల కోశాల్లో సాధారణంగా ఉండని జాలి, వెటకారం ఇందులో చేరడం గమనార్హం. తెలుగు సంభాషణకు ఆ రెండూ లేనిదే పొద్దు గడవదు.

కళాకారుల ఎంపిక కూడా సరైనదే. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం నాటకాలకు పేరుపొందింది. రేడియో నాటకంలో ముఖం లేదు, వేషం లేదు. శ్రోతకు అందేదంతా గొంతు నుంచే. నందిగామ, జగ్గయ్యపేట ఇళ్లలో ఒక తరం పెరిగింది ఆ గొంతులు వింటూనే.

ఈ కోశం యంత్రాలకు భావం నేర్పడానికి తయారైంది, రోగుల పరీక్షకు కాదు. దాన్ని వైద్యానికి వాడాలంటే కొంత పని ఉంది. శిక్షణ పొందిన నటులు భావాన్ని కాస్త పెంచి పలుకుతారు, ఇంటి గొంతు అంత స్పష్టంగా ఉండదు. కనుక ముందుగా ఇదే ప్రాంతపు ఆరోగ్యవంతులకు వినిపించి, ఎక్కువమంది ఒకేలా గుర్తించిన పలుకులనే ఎంచుకోవాలి.

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ జాతీయ రహదారి మీద నందిగామ, దాన్ని దాటాక జగ్గయ్యపేట వస్తాయి. ఆ పైన గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్ ముగిసి తెలంగాణ మొదలవుతుంది. డెల్టా కాలవల పచ్చదనం ఇక్కడ ఉండదు. పత్తి, మిరప పండే నేల, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. మాట కూడా డెల్టా మాట కాదు. ఖమ్మం, నల్లగొండ వైపు పలుకుకు దగ్గరగా, ‘ఏంటి’ చోట ‘ఏంది’ అంటూ, కాస్త విసురుగా సాగుతుంది. ఆ విసురును కోపమని పొరబడేది బయటివారే. ఊళ్లో వాళ్లకు అది మామూలు గొంతు. పరీక్షలో ఏ గొంతును ‘మామూలు’గా పెట్టాలన్న ప్రశ్నకు ఇక్కడ అంత ప్రాముఖ్యం. ముస్లిం ఇళ్లలో ఉర్దూ, తండాల్లో లంబాడీ భాష కూడా ఉన్నాయి. రెండు భాషల మధ్య పెరిగినవారిని ఏ భాషలో పరీక్షించాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

జబ్బు మొదలైనప్పుడు పల్లెల్లో గాలి సోకిందనో, చేతబడి అనో అనుకుని గుడికో దర్గాకో తీసుకెళ్లడం ఇప్పటికీ ఉంది. గుడికి వెళ్లడం తప్పు కాదు, వైద్యం ఆలస్యం కావడమే నష్టం. ప్రభుత్వ వైద్యానికి విజయవాడ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాష్ట్రంలో ప్రత్యేకించిన ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖపట్నం చినవాల్తేరులో ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై తెలుగులోనూ ఉచితంగా దొరుకుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతను వైకల్యంగా గుర్తించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం పొందడాన్ని హక్కు చేసింది.

శిక్షణ, సర్దుబాటు

గ్రహణాన్ని మెరుగుపరిచే మార్గాలు రెండు వైపుల నుంచి వస్తాయి. పై అంచె వైపు నుంచి సామాజిక సంజ్ఞాన శిక్షణ: చిన్న బృందంలో గొంతులు విని, ముఖాలు చూసి, ‘ఇంకేమై ఉండొచ్చు’ అని చర్చించడం, తొందరపడి తీర్పు చెప్పకుండా ఆగడం నేర్పుతారు. కింది అంచె వైపు నుంచి శ్రవణ శిక్షణ: స్వరాల మధ్య తేడాలను కంప్యూటరు మీద వారాల తరబడి సాధన చేయిస్తారు. 2009లో మెలిస్సా ఫిషర్, సోఫియా వినోగ్రాడోవ్ తదితరులు ఇలాంటి సాధన తర్వాత రోగుల్లో మాటను గుర్తుంచుకునే శక్తి మెరుగుపడిందని చూపారు. శిక్షణలో నేర్చిన పని మీద మెరుగు బాగా కనిపిస్తుంది. అది బజారులో, పనిలో, ఇంట్లో ఎంత అక్కరకొస్తుందన్న దాని మీద ఫలితాలు ఇంకా మిశ్రమంగానే ఉన్నాయి.

కుటుంబం చేయగలిగిన పనికి యంత్రం అక్కర్లేదు. పదాలు రోగికి అందుతూనే ఉన్నాయి కనుక, గొంతు మోసే భావాన్ని పదాల్లోకి దించి చెప్పడం సాధ్యం. ‘వచ్చావా’ దగ్గర ఆగకుండా ‘రాలేదని కంగారుపడ్డా, కోపమేం లేదు నాయనా’ అనడం అటువంటిది. ఎదురుగా, ముఖం కనపడేలా, టీవీ కట్టేసి మాట్లాడితే గొంతుకు ముఖం తోడవుతుంది. ఫోనులో ఆ తోడు ఉండదు కనుక అక్కడ మాటలు ఇంకా తేటగా ఉండాలి. రోగి వైపు నుంచి కూడా ఒక అలవాటు పనికొస్తుంది: అనుమానం వచ్చినప్పుడు ‘కోపంగా ఉన్నావా అమ్మా?’ అని అడిగేయడం. మొదట్లో ఇద్దరికీ ఎబ్బెట్టుగా ఉంటుంది. నోరు తిరిగాక, అన్నం వడ్డించినంత మామూలుగా, ఆమె ‘లేదురా’ అంటుంది.